దారి పద్యాలు

దప్పిగొన్నవాడికి నీళ్ళివ్వడం ఎలాంటి దానమో, తోవ తెలియనివాడికి తోవ చెప్పడమూ అలాంటి దానమేనని మా మామగారు లక్ష్మీనారాయణగారు నమ్మేవారు. వరంగల్ రైల్వే స్టేషను ఎదుటి వీధిలో ఆయన తండ్రి కట్టించిన సత్రం చిన్నది. రెండు గదులు, ముందు పొడుగాటి వసారా, వసారాలో తడిగుడ్డ చుట్టిన నీళ్ళ కాగులు. అన్నం పెట్టగల శక్తి మాకు లేదు. చౌరస్తాలోని ఇత్తడి సామాన్ల దుకాణం మీద బతికే కుటుంబం మాది. అందుకని మామగారు తనకు చేతనైన దానాన్ని ఎంచుకున్నారు. వసారా గోడకు సున్నం వేయించి, దాని మీద నల్లని అక్షరాలతో ఊళ్ళోని దారులన్నిటినీ ఆటవెలదులుగా రాయించారు. ఏ సరుకు ఎక్కడ అమ్ముడుపోతుంది, విరిగిన ఎముకకు కట్టు ఎవరు కడతారు, పశువుల దవాఖాన ఎటు, మంత్రసాని ఇల్లు ఏ గల్లీలో ఉంది, ప్రతిదానికీ ఒక పద్యం.

దారికి పద్యమెందుకని అడిగినవారికి ఆయన ఓపికగా చెప్పేవారు. నెక్కొండ దిక్కు నుంచీ పరకాల దిక్కు నుంచీ వచ్చే జనంలో చదువు వచ్చినవారు తక్కువ. మామూలు మాటల్లో చెప్పిన దారి రెండో మలుపు దగ్గరే చెదిరిపోతుంది. పద్యంలో చెబితే గణమూ యతీ ఆ దారిని తాళ్ళలా పట్టి ఉంచుతాయి; ఒక మాట జారితే పక్క మాట దాన్ని వెనక్కి లాక్కొస్తుంది.

పొద్దుటి ప్యాసింజరు దిగినవారికి నీళ్ళిచ్చి, వారికి కావలసిన పద్యాన్ని పాదం వెంట పాదం పలికించి పంపడం ఆయన పూజ తరువాతి పూజ. మిర్చి రైతులకు ఆయన చెప్పించే పద్యం ఇలా మొదలయ్యేది:

మిరపకాయతోడ మీరు వచ్చినయెడ
గంజు గడపఁ జేరఁ గదలి పొండు

గొంతు బలహీనపడ్డాక ఆ పనిని ఆయన నాకు అప్పగించారు. మా నాన్నగారు పరకాలలో పురాణం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని పద్యం ఎత్తుకోవడం చిన్ననాడే నేర్చినదాన్ని. కోడలు వీధి వసారాలో నిలబడి గొంతెత్తడమేమిటని బంధువులు గొణిగినా మామగారు లక్ష్యపెట్టలేదు. కాని నాకు అప్పగించినది చదవడం మాత్రమే. కట్టడం ఆయన వంతు. కట్టిన ప్రతి పద్యాన్నీ భద్రకాళి అమ్మవారి సన్నిధిలో చదివి, పూలతో పాటు ఆమె పాదాల ముందు ఉంచి, ఆ తరువాతే గోడకెక్కించేవారు.

నేను చెప్పబోయేది దుందుభి సంవత్సరపు మాఘం నుంచి మరుసటి చైత్రం దాకా, అంటే ఎనభై మూడో సంవత్సరం తొలినాళ్ళలో జరిగింది. మిర్చి పంట చేతికి వచ్చే వేళకు ఊరు మా గోడను విడిచి కదిలిపోయింది. మిర్చి కొనుగోళ్ళు పాత గంజు మార్కెట్టును వదిలి ఊరి అంచున ఉన్న ఎనుమాములకు తరలాయి. ఎముకలు కట్టే ఆయన కొడుకు వెంట హన్మకొండ చేరాడు. మట్టెవాడలోని మంత్రసాని రాజక్క అద్దె ఇంటిని యజమాని కూలగొట్టి లాడ్జి కట్టడం మొదలుపెడితే, ఆమె రైలు పట్టాల అవతల కరీమాబాదుకు వెళ్ళిపోయింది. ఇవన్నీ మాకూ ఒక్కసారిగా తెలియలేదు. మా పద్యం పట్టుకుని వెళ్ళినవారు తిరిగి వచ్చి చెబితేనే తెలిసింది.

మొదట తిరిగి వచ్చినవాడు గట్టయ్య అనే రైతు. పొద్దున పద్యం చెప్పించుకుని, మిర్చి బస్తాలను తోపుడు బండి మీద వేయించుకుని, పాడుకుంటూ వెళ్ళినవాడు మధ్యాహ్నపు ఎండలో అదే బండితో వసారా ముందు నిలిచాడు.

"అమ్మా, నీ పద్యం మంచిగున్నది. గంజు గడప గూడ మంచిగనే ఉన్నది. గని గాడ మిర్చి కొనెటోడు ఒక్కడు లేడు. ఓ కుక్క పండుకొని ఉన్నది. దానికి అమ్మి రావాల్నా?"

"అయ్యో, ఏమైంది గట్టయ్యా?"

"ఏమైతది? గంజు లేచి ఎనుమాములకు పోయిందట. నడిచి పోయిందో లారీ ఎక్కి పోయిందో నాకెర్క లేదు. గాడ చాయ్ హోటలాయన ఒకటే నవ్వుడు. ఏ కాలం నాటి ముచ్చట చెప్తున్నవే అంటడు. నేనన్న, నవ్వకు భాయ్, టేషన్ కాడి సత్రమమ్మ చెప్పింది, ఆమె అబద్ధం చెప్పదు అని."

ఆ చివరి మాట అతను నిష్ఠూరంగా అనలేదు. నన్ను వెనకేసుకుని వచ్చిన సంగతి చెప్పుకున్నాడు. నిష్ఠూరమాడినా అంత బాధ కలిగేది కాదు.

ఆనాటి కొనుగోళ్ళు అప్పటికే ముగిశాయి. గట్టయ్య బస్తాలను వసారాలోనే దింపించి, మరునాడు తెల్లవారే దాకా వాటి మీదే పడుకున్నాడు. ఆ ఘాటుకు ఇల్లంతా తుమ్ములే. మామగారు హారతి పళ్ళెం పట్టుకుని వరసగా తుమ్ముతుంటే మా వారు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్ళారు. ఆ తుమ్ముల మధ్యనే నేను మాట కదిపాను.

"మామయ్యా, గంజు పద్యం మార్చాలి గదా."

ఆయన పళ్ళెం కింద పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

"అది నాదైతే మార్చనా, కళావతీ?" అన్నారు. "అమ్మవారికి ఇచ్చిన. ఇచ్చినదాన్ని మళ్ళ చేతిలోకి తీసుకొని, ఒక ముక్క కోసి, ఇంకో ముక్క అతికి పెట్టుమంటవా? దత్తాపహారమంటరు దాన్ని. దానమిచ్చి తిరిగి గుంజుకున్న పాపం. అది నాతోని కాదు."

అది మొండితనమో, కవి అయినవాడి అభిమానమో అయి ఉంటే నేను వాదించి ఉండేదాన్ని. కాని ఆయన కళ్ళలో నిజమైన భయం కనబడింది. దానం విషయంలో జీవితమంతా కత్తి అంచు మీద నడిచిన మనిషి ఆయన. పండగకు ఇచ్చిన చీర కురచైందని పనిమనిషి తిరిగి తెస్తే, దాన్ని ముట్టుకోకుండా కొత్త చీర పక్కన పెట్టి రెండూ తీసుకుపొమ్మన్నవారు.

మా వారు దుకాణదారు. మధ్యేమార్గం వెతకడం ఆయన వృత్తి. "బాపూ, పద్యాన్ని ముట్టుకోనే ముట్టుకోం. పక్కకు ఓ కాయితం అంటిస్తం. మిర్చి ఎనుమాములకు, రాజక్క కరీమాబాదుకు, గంతే" అన్నారు. మామగారు వద్దనలేదు. మైదా ఉడికించి, అట్ట మందమున్న కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి అంటించాం. మరునాడు మధ్యాహ్నానికి ఎవరి మేకనో వచ్చి, మైదా రుచికి కాగితమంతా కొరుక్కుని తినేసింది.

"పోనీలే, ఇగ ఆ మేక ఎవల్నీ అడగకుంట సీదా ఎనుమాములకే పోతది" అన్నారు మా వారు.

ఇక మిగిలింది నా నోరు. పద్యం చెప్పించడం మానుకుని వట్టి మాటల్లో చెప్పి చూశాను. "గదేందమ్మా, పద్యం చెప్పవా? పోయినేడు చెప్పినవు గద" అని జనం చిన్నబుచ్చుకునేవారు. సరేనని పద్యం చెప్పించి, చివర ఈ మాటను జోడించాను: ఇప్పుడు అక్కడ కాదు నాయనా, ఎనుమాముల. వాళ్ళు తలలూపేవారు, వెళ్ళేవారు, పాత గంజు చూసి తిరిగి వచ్చేవారు. "పద్యం యాదికున్నదమ్మా. ఎనక నువ్వేదో అన్నవు, అది తోవల పడిపోయింది" అన్నాడొక ముసలాయన, నా తప్పేమీ లేనట్టు. మామగారి సిద్ధాంతం ఎంత నిజమో నాకు ఆ ఫాల్గుణంలోనే తెలిసింది. పద్యంలో ఉన్నది నిలుస్తుంది, పద్యం వెలుపల ఉన్నది రాలిపోతుంది. ఇప్పుడు నిలిచిపోతున్నది తప్పుదారి.

అయినా సత్రం దగ్గర ఆగినవారి గురించే నా బెంగంతా. ఆగకుండా పోయేవారి ఊహే నాకు రాలేదు.

ఫాల్గుణం చివరి రోజుల్లో ఒక పగటిపూట, వీధిలో పిట్ట కూడా మెదలని ఎండలో, ఇద్దరు ఆడవాళ్ళు వసారా మెట్టు మీద కూలబడ్డారు. పెద్దామె చిన్నామెను రెండు చేతులా పట్టుకుని ఉంది. చిన్నామెది నిండు కడుపు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి.

"ఏ ఊరమ్మా మీది?"

"నెక్కొండ దగ్గర. నా పేరు పూలమ్మ, ఇది నా బిడ్డ యాకమ్మ. నొప్పులు పొద్దుగాల రైల్లనే షురువైనయ్. జర నీడల పండుకోనియ్యి అమ్మా, మల్ల లేచి పోతం."

లేచి పోయే స్థితి కాదది. యాకమ్మను లోపలి గదిలో పడుకోబెట్టాం. రాజక్క కోసం వెతుకుతున్నామని పూలమ్మ చెప్పగానే మా వారు చెప్పులైనా వేసుకోకుండా రిక్షా కోసం పరుగెత్తారు. నేను నీళ్ళు కాచడానికి లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. మామగారు వసారాలో నిలబడే ఉన్నారు. గోడ ఆయన వెనక ఉంది.

"రాజక్క కొరకు ఎటు పోయినరమ్మా?" అని ఆయన మెల్లగా అడిగారు.

"మట్టెవాడకు."

"ఎవరు చెప్పినరు?"

ఆయన ఎవరో పూలమ్మకు తెలియదు. తప్పు తనదేనని ఎవరో నిలదీస్తున్నట్టు తోచిందేమో, కొంగు సవరించుకుని నిటారుగా కూర్చుంది. "ఎవలో చెప్తె పోలేదయ్యా. మా అత్త నేర్పింది. అత్తకు గీ సత్రంలనే ఎవలో నేర్పిన్రట. నేను పుట్టినూరుకు పోయినా మరువలే. ఒక్క అచ్చరం తప్పితె అడుగు" అని, నాట్లు వేసేటప్పుడు పాడే బాణీలో గొంతెత్తింది:

మట్టెవాడలోన మంత్రసాని గలదు
నీలి తలుపు తట్ట నిద్ర లేచు

నాలుగు పాదాలూ చదివింది. గణం తప్పలేదు, యతి తప్పలేదు. లోపల బిడ్డ మూలుగు వినబడినప్పుడు మాత్రం ఒకసారి ఆగి, మళ్ళీ అందుకుంది.

"నీలి తలుపు లేదయ్యా" అంది ముగించాక. "తలుపే లేదు. ఇటుకలున్నయ్, ఇనుప సలాకలున్నయ్. నేను దేన్ని తట్టాలె? నేనే ఏడనో తప్పు చదివిననేమో అనుకున్న. మల్ల చదువుకుంట ఇంకో గల్లీకి పోయినం. మల్ల ఇంకోటి. పిల్ల నడవలేనే అంటాంది. జర ఆగు బిడ్డా, పద్యం తప్పదు, నాకే సమజ్ అయితలేదు అంటాన్న."

ఆ పద్యం తనదని మామగారు చెప్పలేదు. పట్టుపంచె మాసిపోతుందని కటిక నేల మీద ఏనాడూ కూర్చోనివారు, ఆమెకు కొంచెం ఎడంగా, ఆ మెట్టు పక్కనే కూర్చున్నారు.

రాజక్క వచ్చింది. వస్తూనే అందరినీ తిట్టింది. "ఇంత ఎండల ఇంత దూరం తిప్పుతరా పిల్లను? మీకు మతి ఉన్నాదే? నీళ్ళేవి? ఈ ముసలాయన ఏందిక్కడ, లేవుమను!" ఆమె గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఎండ వసారా దాటి గోడ మొదలు దాకా వచ్చాక మగపిల్లవాడు పుట్టాడు. పుట్టి, ఏడవలేదు. తలుపు సందులోంచి రాజక్క చరుస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. వసారాలో ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చివరికి పిల్లిపిల్ల కూతలాంటి ఏడుపు ఒకటి వచ్చింది.

యాకమ్మ మాత్రం కళ్ళు తెరవలేదు. రక్తం చాలా పోయిందని, ఇక తన చేతిలో ఏమీ లేదని రాజక్క చేతులు తుడుచుకుంటూ చెప్పింది. అదే రిక్షాలో ఆమెను పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పూలమ్మ ముందు కూర్చుంది. పద్యం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మరునాడు తెల్లవారగానే మామగారు నన్ను పిలిచారు. "పూలు తెంపు. గుడికి పోదాం."

నిన్న రాజక్కను తీసుకొచ్చిన కట్టయ్య రిక్షాలోనే భద్రకాళి గుడికి వెళ్ళాం. యాకమ్మ కోసం మొక్కడానికి వస్తున్నారనుకున్నాను. క్షమాపణ చెప్పుకోవడానికి కూడా కావచ్చు. మేము చేరేసరికి పూజారి గర్భగుడిలో నిన్నటి పూలదండలను తీసి గంపలో వేస్తున్నారు. వాటిలో ఒక మల్లెదండ ఇంకా వాడలేదు. వాసన మా దాకా వస్తూనే ఉంది. పూజారి దాన్నీ తీసి గంపలో పడేశారు.

"అయ్యవారూ, అదింకా మంచిగనే ఉన్నట్టున్నది" అన్నారు మామగారు.

"మంచిగున్నా నిన్నటిదే గదా. నిర్మాల్యం" అన్నారు పూజారి, చేయి ఆపకుండానే. "ఇది ఉంచితే ఇయ్యాల్టిది ఏడ వెయ్యాలె?"

మామగారు ఆ గంప వంక చూస్తూ నిలబడిపోయారు. తరువాత పూలు నా చేతిలోంచి తీసుకుని పూజారికి అందించారు. హారతి కళ్ళకద్దుకున్నారు. ప్రదక్షిణలో నా కంటె ముందు నడిచారు. రిక్షా ఎక్కి కొంత దూరం వచ్చాక, మామూలు గొంతుతో అన్నారు:

"కట్టయ్యా, తోవల సున్నం దొరికే కాడ జర ఆపు."

ఆ పూటే గోడకు సున్నం వేశాం. వేసేముందు ప్రతి పద్యాన్నీ నన్ను ఒకసారి పైకి చదవమన్నారు. నేను చదివిన తరువాత కుంచె తానే పట్టి, ఆ పద్యం మీద మొదటి గీత తానే గీసి, మిగతాది మా వారికి వదిలేవారు. తప్పిపోయిన పద్యాలు కొన్నే. పశువుల దవాఖాన పద్యం, కచ్చేరి పద్యం అక్షరాలా నిజం. వాటినైనా ఉంచుదామని మా వారు అన్నారు.

"నిజమో కాదో ఎవరు చూసొచ్చినరు?" అన్నారు మామగారు.

చూసి రావడానికి కొన్ని రోజులు పట్టింది. పొద్దుటి పూట నేనూ ఆయనా కట్టయ్య రిక్షాలో బయలుదేరేవాళ్ళం. పద్యాలలో పేరున్న ప్రతి గుమ్మం ముందూ ఆపించి, ఆయన స్వయంగా దిగి, కర్ర ఆనించుకుని తలుపు తట్టేవారు. లోపలి మనిషి బయటికి వచ్చి ముఖం చూపిస్తే తప్ప ఉన్నాడని ఒప్పుకునేవారు కాదు. "ఏం పనయ్యా?" అని వాళ్ళడిగేవారు. "ఏం లేదు. మీరు ఉన్నరో లేదో చూసి పోదామని" అనేవారు. కొందరు నవ్వేవారు. హన్మకొండలో ఎముకలు కట్టే ఆయన మాత్రం ఆ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇల్లు మారినప్పటి నుంచి పాతవాళ్ళెవరూ తనను వెతుక్కుంటూ రావడం లేదని, చేతివాసి పోయిందేమోనని దిగులు పడుతున్నాడట. పశువుల దవాఖాన ఉన్నచోటే ఉంది గాని, ముందరి గేటుకు గోడ కట్టేసి దారిని వెనక గల్లీకి మార్చారు. ఆ రోజు రిక్షాలో మామగారు మా వారి పేరెత్తి, "వాడు ఉంచుదామన్నడు" అని తనలో తనే నవ్వుకున్నారు.

సాయంత్రాలు దవాఖానకు వెళ్ళేవాళ్ళం. యాకమ్మ మూడో పూటకు కళ్ళు తెరిచింది. గంజి తాగింది. బిడ్డను అడిగింది.

గోడ తెల్లగా, ఖాళీగా ఉంది. నేను పలకా బలపమూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. కొత్త పద్యాలు ఆయన చెబుతారని, నేను రాసుకోవాలని. ఆయన పలకను నా వైపు జరిపారు.

"నువ్వు కట్టు."

"నేనా మామయ్యా?"

"నేను కడితే మళ్ళ అమ్మవారికి ఇయ్యబుద్ధి అయితది. ఇచ్చినంక మళ్ళ ముట్టుకోలేను. నా స్వభావం నాకెర్కే. నువ్వు కట్టు. గుడికి తీసుకపోకు. దారినపోయేటోళ్ళకే ఇయ్యి."

ఆ మాటతో మా ఇంట్లో ఏం మారిందో ఆ క్షణాన ఎవరూ గమనించలేదు. అత్తగారు లోపలి నుంచి కూరకు ఉప్పెంత వేయాలో అడిగారు. నేను లేచి వెళ్ళి వేసి వచ్చి, మళ్ళీ కూర్చున్నాను. రెండు రోజులు తడబడ్డాక మొదటి పద్యం కుదిరింది. భయపడుతూ చదివి వినిపించాను.

ఇపుడు మిర్చి దెచ్చి యెనుమాములకె పొండు
పాత గంజులోన పనియు లేదు
గుర్తు తెలియకున్న గోడ వ్రాతల కన్న
నేఁటి మనిషి నోటి నిజము మిన్న

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకున్నారు.

"మిర్చి ఏందమ్మా పద్యంలో? మిరపకాయ అనరాదా?"

"వాళ్ళు మిర్చి అనే అంటరు మామయ్యా."

ఆ పాదాన్ని మరోసారి తానే పలికి చూసుకున్నారు. "యతి నిలిచింది. ఉండనీ" అన్నారు. తరువాత ఏదో తట్టినట్టు కళ్ళు తెరిచారు. "ఆగు. గోడ మీదనే రాసి, గోడను నమ్మకుండ్రి అని చెప్తున్నవా?"

"అవును."

ఆయన బిగ్గరగా నవ్వారు. ఆ నవ్వు విని అత్తగారు గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి చూశారు.

ఏటా ఉగాది ముందు సున్నం వేయడం, సున్నానికి ముందు ఊరంతా తిరిగి తలుపులు తట్టడం మా ఇంటి ఆచారమైంది ఆ యేటి నుంచే. ఉగాది దాటిన కొద్దిరోజులకు యాకమ్మను దవాఖాన నుంచి ఇంటికి పంపారు. రైలుకు పోతూ తల్లీబిడ్డలు మా వసారాలో ఆగారు. యాకమ్మ ఇంకా గోడ పట్టుకునే నడుస్తోంది. పిల్లవాడు పూలమ్మ భుజం మీద నిద్రపోతున్నాడు.

నీళ్ళు తాగించి, పూలమ్మకు రాజక్క కొత్త పద్యం వినిపించాను:

రైలు పట్ట దాటి రాజక్క నడుగుఁడు
పలుకు విన్న చాలు పరుగు దీయు

"పరుగు తీసేది నిజమే, ఎంబడి తిట్లు గూడ తెచ్చింది" అని యాకమ్మ నీరసంగా నవ్వింది. పూలమ్మ నవ్వలేదు. గోడ మీది కొత్త అక్షరాల వంక చూస్తోంది.

"అమ్మా, పాత పద్యాలు కట్టినాయన ఎవలు? పోయిండా?"

నేను జవాబు చెప్పేలోగా మామగారు బల్ల మీది నుంచి అన్నారు: "పోలేదు. నేనే కట్టిన."

పూలమ్మ ఆయన వంక తేరిపార చూసింది. ఆనాడు తన పక్కన నేల మీద కూర్చున్న మనిషి ఈయనేనని గుర్తుపట్టింది. ఆమె ఏమంటుందోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఏమన్నా అనే హక్కు ఆమెకు ఉంది.

"నువ్వేనా!" అంది. "మా అత్త గవి దేవుని పద్యాలనుకున్నదయ్యా. పొద్దుగాల దీపం ముట్టిచ్చి చదివేది. దేవుడు చెప్పిన తోవ ఎట్ల తప్పుతది అనుకొనే నేను గంత దూరం పిల్లను నడిపిచ్చిన. మనిషి చెప్పిండని ఎర్కుంటె మట్టెవాడ మొగదాల్నే, గల్లీల అడుగు పెట్టకముందే ఎవల్నన్న అడిగేదాన్ని గద."

"అవునమ్మా" అన్నారు మామగారు. తలవంచుకున్నారు.

ఆమె కాసేపు ఆయనను చూసింది. తరువాత నా వైపు తిరిగింది. "మరి గిది ఎవలు కట్టిన్రు?"

"నేను."

"ఇదెన్నొద్దులు నడుస్తది?"

నేను గోడను చూడలేదు; ఆమె ముఖమే చూశాను. "నాకు తెలియదు పూలమ్మా. రాజక్క మళ్ళ ఇల్లు మారొచ్చు. నువ్వు రైలు దిగినప్పుడల్లా ముందు ఇక్కడ ఆగు. నన్నడుగు. మీ ఊర్లె ఎవరికి నేర్పినా, సత్రం కాడ ఆగి అడగాలె అని చెప్పి నేర్పు."

"అడుగుతం. అడిగినప్పుడల్లా నువ్వుంటవా?"

మామగారు తలెత్తి నన్ను చూశారు. లోపల పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తోంది. బంధువులు, వారి గొణుగుడు, నా ఈడు, ఇంటి పని, అన్నీ ఒకసారి కళ్ళ ముందు మెదిలాయి.

"ఉంటా" అన్నాను.

పూలమ్మ భుజం మీది పిల్లవాణ్ణి తీసి, అడగకుండానే మామగారి ఒడిలో పడుకోబెట్టింది. ఆయన కంగారుగా రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, నా ఎదురుగా బాసిపట్లు వేసుకుని కూర్చుంది.

"రైలుకింకా టైమున్నది" అంది. "ఇగ నేర్పు."